ఆయ్, ఎక్కనండి

మే ఇరవై రెండో తేదీలోపు చెయ్యవలసిన పనులు:

పదో తరగతి తప్పినవాళ్ళకి లెక్కల క్లాసులు శ్యామ్ బాబు మాస్టారికి అప్పగించాలి. ఆయన కుదరదంటే వెళ్ళేలోపు నేనే ముగించాలి.
ఓటర్ల జాబితా, మా వీధిది. వెనక వీధిది కూడా. వెనక వీధి నాది కాదు, అయినా.
చర్చిలో పిల్లల వేసవి తరగతులకి బల్లలు మోయించాలి.
హెడ్మాస్టరు గారి అమ్మాయికి ఇంజనీరింగు సీటు ఫారం నింపాలి.
తులసి వదిన గారి గేదె ఇన్సూరెన్సు కాగితం సంగతి కనుక్కోవాలి.
నాన్నకి కంటి చుక్కలు, నెలకి సరిపడా.
తాడు, హెల్మెట్టు, బూట్ల కింద బిగించే ఇనుప ముళ్ళు, ఐస్ యాక్స్ తుడిచి సర్దుకోవాలి.
పాత శిఖరాల సర్టిఫికెట్లు జెరాక్సు తీయించాలి.
ప్రసన్న కొన్న ఉన్ని సాక్సులు శిఖరం రోజున తప్పకుండా వేసుకోవాలి.
హెడ్మాస్టరు గారు ఇచ్చిన సాక్సులు, అవి కూడా.
స్కౌటు పిల్లలు ఇచ్చిన సాక్సులు, అవి కూడా.

ఈ పదకొండు పనుల్లో యేసురత్నం సొంత పనులు మూడంటే మూడే. మిగిలిన ఎనిమిదీ ‘ఆయ్’ అన్న ఒక్క మాట వల్ల నెత్తికెక్కినవి.

ఆయ్ అంటే ఏమిటో గోదావరి దాటి అవతలున్నవాళ్ళకి చెప్పడం కష్టం. అవునండి అని కాదు, సరేనండి అని కాదు, మీరు చెప్పినది నా చెవిన పడిందండి అని. కోనసీమలో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆయ్, ఆయ్ అంటూ ఉండాలి. లేకపోతే వీడికి మర్యాద తెలీదంటారు. అందరూ అంటారు, అని ఎవరి దారిన వాళ్ళు పోతారు. యేసురత్నం ఒక్కడే అన్న తరవాత ఆ పని చేసి పెడతాడు. ఉప్పలగుప్తం మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. ఆ డిగ్రీ ఎవరో జాలిపడి ఇచ్చారేమో, ఎప్పుడైనా వెనక్కి అడుగుతారేమో అన్నట్టు ఎవరు ఏ పని చెప్పినా కాదనకుండా నలభై నాలుగేళ్ళు వచ్చేశాడు.

ఆ మాటకొస్తే అతను పర్వతారోహకుడు కావడమూ అలాగే జరిగింది. పన్నెండేళ్ళ కిందట, స్కౌటు మాస్టారుగా హిమాలయాల్లో నెల రోజుల శిక్షణకి ఎవరు వెళతారని హెడ్మాస్టరు గంగబాబు గారు స్టాఫ్ రూములో అడిగారు. అందరూ కిటికీలోంచి కొబ్బరిచెట్ల అందం చూడడం మొదలుపెట్టారు. రత్నం మాత్రం ఆయన మొహం చూశాడు. చూశాక ఇంకేముంది, ఆయ్ అన్నాడు.

సముద్రమట్టానికి నాలుగు మీటర్ల ఎత్తున, వరదొస్తే అదీ లేని నేల మీద పుట్టిన మనిషి అలా వెళ్ళి కొండని చూసి, దాని మీద మనసు పారేసుకుని వచ్చాడు. అప్పటినించి ప్రతి వేసవీ వెళుతూనే ఉన్నాడు. తొమ్మిది శిఖరాలు ఎక్కాడు. తాడు కట్టడం, మంచులో అడుగు నరకడం, జారితే గొడ్డలి గుచ్చి ఆగడం, అన్నీ వచ్చు. కాదనడం ఒక్కటే రాదు.

సాధన కోసం వారానికి మూడు రోజులు, వీపు మీద ఇరవై కిలోల ఇసక బస్తాతో బోడసకుర్రు వంతెన ఎక్కి దిగేవాడు. కోనసీమలో అంతకన్నా ఎత్తుకి నడిచి వెళ్ళే దారి అతనికి దొరకలేదు. వంతెన సగంలో ఎవరో ఒకరు బండి ఆపేవారు. “అయ్యో మాస్టారూ, ఆ బరువుతో నడిచెళ్తారేంటండీ, ఎక్కండి” అనేవారు. రత్నం ఆయ్ అని బండెక్కేవాడు. బస్తాతో సహా ఇంటి గుమ్మంలో దిగి, భార్య ప్రసన్నకుమారి చూడకుండా పెరట్లో పది గుంజీలు తీసేవాడు.

కొండలకి వెళ్ళేవాళ్ళలో అతనికి తోడు వేదవ్యాస్ గారు. కొత్తపేట కాలేజీలో సంస్కృతం లెక్చరరు, యాభై రెండేళ్ళు. తాత ముత్తాతల నించి వేదం చెప్పిన కుటుంబం. ఆ మొదటి శిక్షణలో రెండు వందల మంది మధ్య “కాస్త మంచినీళ్ళు ఇప్పించగలరాండీ” అన్న మాట వినిపించి, ఈయన మనవాడేనని రత్నం గుర్తుపట్టాడు. ఆ రోజు నించి తొమ్మిది శిఖరాలూ ఇద్దరూ ఒకే తాడు మీద ఎక్కారు. ప్రతి శిఖరం దగ్గరా ముందు మీరు కాలు పెట్టండంటే మీరు పెట్టండని పది నిమిషాలు వాదించుకునేవారు. ఒకసారి ఆ వాదన తేలేలోపు మబ్బు కమ్మేసి ఫోటో పోయింది.

ఈసారి వెళుతున్నది పదో శిఖరానికి. హిమాచల్‌లో లాహుల్ వైపు, మ్యాపులో పేరు లేకుండా ఎత్తు మాత్రమే రాసి ఉన్న కొండ. దాని వెన్నుపట్టుకుని ఐదు రోజుల దారి. రెండు పక్కలా లోయ, మధ్యలో పెంకుటింటి దూలమంత వెడల్పున రాయి, మంచు. కొత్తవాళ్ళని తీసుకెళ్ళరు. ఎక్కిన శిఖరాల సర్టిఫికెట్లు చూసి, అదీ గైడు ఒప్పుకుంటేనే.

వ్యాస్ గారికి ఇదే ఆఖరుది. మోకాలు అరిగిపోయింది, జూలైలో ఆపరేషను. ఆ తరవాత కొండలు లేవని డాక్టరు చెప్పేశారు. రైలు విజయవాడ దాటాక ఆయన కిటికీలోకి చూస్తూ, “మాస్టారూ, ఇదొక్కటీ ఎక్కేద్దామండి” అన్నారు. పన్నెండేళ్ళలో ఆయన రత్నాన్ని అడిగినది అదొక్కటే. రత్నం ఆయ్ అన్నాడు. జీవితంలో అన్న లక్ష ఆయ్‌లలో కడుపులోంచి వచ్చినది అది.

బయలుదేరే ముందు తండ్రి పాపారావుకి చెప్పిన మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాపారావు దింపు కూలి. అంటే కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపేవాడు. డెబ్బై నాలుగేళ్ళు వచ్చి చెట్టు మానేశాడు గానీ నోరు మానలేదు.

“ఎక్కి ఏం దింపుతావురా?” అని అడిగాడు.

ఏమీ దింపనని, ఎక్కి దిగిరావడమేనని రత్నం చెప్పాడు.

“కూలి వాళ్ళిస్తారా?”

“లేదు నాన్నా, మనమే ఇస్తాం.”

పాపారావు, నువ్వు ఇంకా చదువుకోవాల్సిందిరా అన్నాడు.

రత్నానికి పన్నెండేళ్ళప్పుడు ఒకటి జరిగింది. కాలవ గట్టున అచ్చయమ్మ గారి తోటలో ఒక పొడుగు చెట్టు ఉండేది. పాపారావు దాని దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి మానుకి ఆనించి, కత్తి పిడితో రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎక్కవయ్యా పాపారావూ అన్నారు అచ్చయమ్మ గారు. పాపారావు ఆయ్ అన్నాడు. అని, “ఎక్కనండి” అన్నాడు. పిరికోడివైపోయేవేంటని ఆవిడ నవ్వారు. తోటలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. రత్నం సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ చెట్టు మర్నాడే కూలిపోయిందని చెబితే కథ బాగుండును. కూలలేదు. తొమ్మిదేళ్ళు నిలబడింది. తుపాను వచ్చి పక్క తోటలు పడుకున్నా అది పడలేదు. ఆ దారిన వెళ్ళే ప్రతివాడూ, “పాపారావూ, నీ చెట్టు ఇంకా ఉందయ్యా” అనేవాడు. “ఆయ్, ఉందండి” అనేవాడు పాపారావు. ఆ తొమ్మిదేళ్ళలో దాన్ని ఒక్కసారి ఎక్కలేదు. ఎక్కండికీ ఎక్కనండికీ మధ్య ఉన్న ఆ ఒక్క ‘న’ కోసం తండ్రి తొమ్మిదేళ్ళు నవ్వులపాలయ్యాడు. కొడుకు ఆ అక్షరమే రాకుండా ఎం.ఎస్సీ. పాసయ్యాడు.

గైడు పేరు నోర్బు. రత్నం వయసువాడే. మాట తక్కువ, చూపు ఎక్కువ. సర్టిఫికెట్లు తిరగేసి, ఇద్దరి చేతా తాడుకి ముడులు వేయించి చూసి, హిందీలో ఒకే షరతు చెప్పాడు. తాడు ఒకటి, ముగ్గురం. ఒకరు వెనక్కి తిరిగితే ముగ్గురం తిరుగుతాం. ఆ వెన్ను మీద ఎవరినీ ఒంటరిగా కూర్చోబెట్టి పోను. సమ్మతమేనా?

ఇద్దరూ ఒక్క గొంతుతో ఆయ్ అన్నారు.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు, వెన్ను మధ్యలో గోపురంలా లేచిన రాయి ఒకటి అడ్డం వచ్చింది. ఇటు ఎక్కి అటు దిగాలి. దిగేటప్పుడు గైడు ఆఖరున ఉంటాడు. ముందు రత్నం దిగాలి, తరవాత వ్యాస్ గారు. ఇద్దరూ కిందికి చేరాక రత్నం తాడుని గట్టి రాయికి చుట్టి, సిద్ధమని కేక వేస్తే, అప్పుడు నోర్బు దిగుతాడు.

ఇద్దరూ దిగారు. వ్యాస్ గారు కూర్చుని మోకాలు రాసుకుంటున్నారు. రత్నం తాడు చేత్తో పట్టుకుని, ఏ రాయి గట్టిదా అని లెక్కల మాస్టారులాగా ఒక్కొక్కదాన్నే పరీక్షిస్తున్నాడు. పైనించి నోర్బు ఏదో అడిగాడు. ఆ గాలిలో ఏం అడిగాడో వినపడలేదు గానీ అడిగినట్టు తెలిసింది. పైనున్న మనిషి ఏదో అంటే ఊరుకుంటే ఎలా? రత్నం తలెత్తి, నోరారా, “ఆయ్” అన్నాడు.

హిందీలో ‘ఆ’ అంటే ‘రా’.

నోర్బు వచ్చేశాడు. నలభై అడుగులు చకచకా దిగి, వాళ్ళ పక్కన నిలబడి, తన నడుముకున్న తాడుని కళ్ళతో పట్టుకుని వెంబడించాడు. అది రత్నం చేతుల్లోకి వచ్చి, అక్కడినించి ఏ రాయికీ కాకుండా, వ్యాస్ గారి తొడ కింద ముగిసింది. నోర్బు కాలు జారి ఉంటే ముగ్గురూ ఒకేసారి లోయలో దిగి ఉండేవారు, ముందు మీరంటే ముందు మీరనే అవకాశం కూడా లేకుండా.

నోర్బు కేకలెయ్యలేదు. ఫ్లాస్కు తీసి ముగ్గురికీ టీ పోశాడు. ఆ తరవాత, మాస్టర్‌జీ, ఆ మాటకి అర్థం ఏమిటని అడిగాడు. వ్యాస్ గారు అందుకున్నారు. అది అంగీకారం కాదని, అలాగని నిరాకరణా కాదని, శ్రవణం జరిగిందనడానికి సూచన మాత్రమేనని హిందీలో పావుగంట వివరించారు. నోర్బు అంతా విని, అయితే అది ఏ పనికీ రాని మాట, ఇకనించి తాడు మీద వద్దన్నాడు. బాగుంటే ‘ఠీక్’. బాగులేకపోతే ‘నహీ’. ఆగాలంటే ‘రుకో’. ఇవి మూడే. తెలిసిందా?

“ఆయ్” అన్నాడు రత్నం.

నోర్బు కప్పులో మిగిలిన టీ మంచులో పారబోశాడు. మళ్ళీ అలా అంటే వెనక్కి తీసుకుపోతానన్నాడు. ఆ రాత్రికి గుడారంలో రత్నం ‘నహీ’ అని పదిసార్లు సాధన చేశాడు. పదకొండోసారి, ఇంకాస్త అన్నం కావాలా అని నోర్బు అడిగితే, కడుపు నిండి ఉన్నా ఠీక్ అన్నాడు.

శిఖరం రోజు నాలుగోది. తెల్లవారుజామున బూట్లు తొడుక్కునేటప్పుడు మూడు జతల సాక్సులూ బయటికి తీశాడు. బిగుతు బూటులో సాక్సు మీద సాక్సు వేస్తే వేళ్ళకి రక్తం ఆడదు, వెచ్చదనం పోయి కాలు గడ్డకడుతుంది. ఈ సంగతి అతనికి తెలియక కాదు. ఏటేటా కొత్త స్కౌటు మాస్టార్లకి బొమ్మ గీసి మరీ చెప్పేవాడు. కానీ ప్రసన్న శిఖరం రోజునే వేసుకోమని మాట తీసుకుంది. హెడ్మాస్టరు గారు సన్మానసభలో అందరి ముందూ ఇచ్చారు. పిల్లలు తలా కొంచెం వేసుకుని కొన్నారు. ముగ్గురికీ ఆయ్ అన్నాడు. కాళ్ళు రెండే, మాటలు మూడు. ఎలా భాగించినా శేషం మిగులుతోంది. మూడు జతలూ ఒకదాని మీద ఒకటి వేసి, ఊపిరి బిగబట్టి, బూట్లలోకి కాళ్ళు దూర్చాడు.

ఎండ పొడుచుకొచ్చేసరికి వెన్ను మీద చాలా దూరం వచ్చేశారు. గంటకోసారి నోర్బు ఆగి, కాళ్ళెలా ఉన్నాయని అడుగుతున్నాడు. వ్యాస్ గారు ఠీక్ అంటున్నారు. రత్నమూ ఠీక్ అంటున్నాడు. నోటికి తాళం వేస్తే ఆయ్ కాస్తా పేరు మార్చుకుని దొడ్డిదారిన వస్తోంది. మొదటి గంట వేళ్ళు నొప్పి పెట్టాయి. రెండో గంట మండాయి. మూడో గంటకి ఏమీ లేదు. ఎడమ కాలు ఉన్న చోట బూటు మాత్రం ఉంది.

శిఖరానికి ముందు చిన్న సందు దగ్గర ఆగారు. పైకి చూస్తే అంతా కనిపిస్తోంది. తెల్లటి వాలు, దాని చివర ఆకాశం. నూట ఇరవై మీటర్లు ఉంటుంది, గంటన్నర పని. వ్యాస్ గారు ఆ పైకి చూస్తున్న చూపు రత్నం చూశాడు. పెళ్ళిలో ముహూర్తం దగ్గరపడుతుంటే పురోహితుడు చూసే చూపు అది, వేరే ధ్యాస లేదు. నోర్బు ముందున్నాడు, మధ్యలో వ్యాస్ గారు, చివర రత్నం. గాలి గట్టిగా వీస్తోంది.

కాళ్ళెలా ఉన్నాయని నోర్బు అడిగాడు.

రత్నం తన ఎడమ బూటుని ఐస్ యాక్స్ పిడితో తట్టాడు. రెండుసార్లు. ఎందుకు తట్టాడో అతనికే తెలీదు. మానుని తట్టినట్టు చప్పుడైంది. లోపల ఎవరూ పలకలేదు.

ఠీక్ అంటే గంటన్నరలో వ్యాస్ గారు పైనుంటారు. ఆ తరవాత తన వేళ్ళు ఉంటాయో లేదో. గడ్డకట్టిన కాలు వెన్ను మీద దిగేటప్పుడు ఎక్కడ పడుతుందో, పడితే తాడు మీద ఇంకెవరుంటారో. అంతా తెలుసు. నహీ అనాలి. పదిసార్లు సాధన చేసిన మాట పదకొండోసారి నోట్లోంచి రాలేదు. హిందీ అంతా ఎటో పోయింది. నోర్బు మళ్ళీ అడిగాడు.

“ఆయ్” అన్నాడు రత్నం.

నోర్బు తల విసురుగా తిప్పాడు.

“ఆయ్. ఎక్కనండి” అన్నాడు రత్నం. “కాలు తెలియట్లేదండి.”

గాలికి ఆ చివరి ముక్క ఎటు కొట్టుకుపోయిందో రత్నానికే వినపడలేదు. నోర్బుకి తెలుగు రాదు. ఏమంటున్నాడని వ్యాస్ గారిని చూశాడు.

అప్పుడు ఆ వెన్ను మీద తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకాయనకి ఆఖరి శిఖరం నూట ఇరవై మీటర్ల దూరంలో ఉంది. జూలైలో ఆయన మోకాలు కోస్తారు. ఆ గాలిలో ‘ఎక్కనండి’ అన్నది ‘ఎక్కండి’ అని వినపడితే తప్పెవరిది? మధ్యలో ఒక్క అక్షరం. మింగేస్తే అడిగేవాడు లేడు. మాస్టారు పదమంటున్నారని చెబితే నోర్బు నమ్ముతాడు. ఎక్కనన్న మనిషి కూడా, ఆయన పదమంటే కాదనగలిగేవాడు కాడు. ఆ సంగతి వ్యాస్ గారికి అందరికన్నా బాగా తెలుసు.

వ్యాస్ గారు పైకి చూశారు. కిందికి, రత్నం బూటు వైపు చూశారు. మళ్ళీ పైకి చూశారు. రత్నం లెక్కపెట్టలేదు గానీ చాలాసేపే చూశారు. ఆ తరవాత నోర్బు వైపు తిరిగి, నోటికి అడ్డం ఉన్న చేతి తొడుగు తీసి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పారు.

“నహీ అంటున్నారు. ఈయన పైకి రారు. ఎడమ కాలు స్పర్శ పోయింది.”

నోర్బు అక్కడే తాడు కట్టి, రత్నాన్ని కూర్చోబెట్టి బూటు విప్పాడు. ఒక సాక్సు తీశాడు. లోపల ఇంకొకటి. దాని లోపల మరొకటి, పిల్లలిచ్చినది, గులాబీ రంగు. నోర్బు ఇరవై ఏళ్ళలో ఎన్ని కాళ్ళు చూశాడో గానీ ఉల్లిపాయలాంటి కాలు చూడలేదు. తన చొక్కాలు పైకెత్తి, పాలిపోయిన ఆ పాదాన్ని పొట్టకి ఆనించుకుని పట్టుకున్నాడు. మనిషికి కాలు తగిలితే దండం పెట్టే ఊరివాడు రత్నం. మనిషి పొట్ట మీద కాలు పెట్టుకుని కూర్చుని, తప్పండి, క్షమించండి, తప్పండి అని గొణుగుతూనే ఉన్నాడు. కదలకు అన్నాడు నోర్బు. అరగంటకి నొప్పి మొదలైంది. ప్రాణం పోయే నొప్పి. రక్తం మళ్ళీ ఆడుతోందని నోర్బు మొదటిసారి నవ్వాడు.

ముగ్గురూ దిగారు. వ్యాస్ గారు ఆ రాత్రి అన్నం తినలేదు. రత్నం క్షమాపణ చెప్పుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. మర్నాడు సాయంత్రం, కింద గ్రామంలో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాక, గ్లాసులోకి చూస్తూ అడిగారు.

“మూడు జతలాండీ?”

“ఆయ్.”

“మూడూ?”

“ఆయ్.”

ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో రత్నానికి ఆ పక్కనించి తెలియలేదు. అటు తిరిగి చూసే ధైర్యమూ లేకపోయింది. రైలు ఢిల్లీలో బయలుదేరినప్పటినించి రాజమండ్రి దాకా ప్రతి స్టేషనులోనూ, మూడూనాండీ అని అడుగుతూనే ఉన్నారు.

వేళ్ళు అన్నీ ఉన్నాయి. రెండు బొబ్బలెక్కి మానాయి. పైకి వెళ్ళొచ్చినా ఉండేవేమో. ఎవరు చెప్పగలరు? కొందరు చెట్టు ఇంకా ఉందంటారు.

పాపారావు వీధి అరుగు మీదే ఉన్నాడు. ఎక్కేవా అన్నాడు. లేదు నాన్నా, కొంచెం ఉందనగా ఎక్కనని దిగిపోయాను అన్నాడు రత్నం. పాపారావు కొడుకుని కింది నించి పైదాకా చూసి, ఆయ్ అన్నాడు. అని, “ఏం దింపేవు మరి?” అన్నాడు. రత్నం సంచీలోంచి మూడు జతలూ తీసి అరుగు మీద పెట్టాడు. పాపారావు గులాబీ రంగువి ఏరుకున్నాడు.

స్కూలు తెరిచిన రోజున గంగబాబు గారు బ్యానరు రాయించబోయారు, శిఖరాన్ని అధిరోహించిన మా లెక్కల మాస్టారు అని. రత్నం వెళ్ళి ఆయన ముందు నిలబడి, ఆయ్, ఎక్కలేదండి అన్నాడు. ఆయన తెల్లబోయారు. మర్నాటినించి వెనక వీధి ఓటర్ల జాబితా వెనక వీధి మాస్టారికి వెళ్ళిపోయింది. అంతకన్నా పెద్ద మార్పేమీ రాలేదు. తులసి వదిన గారి గేదె కాగితం కోసం ఇప్పటికీ అతనే తిరుగుతున్నాడు.

ఇంతవరకూ చదివినవాళ్ళు రత్నం మాస్టారిని గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఎక్కనన్న మనిషికి కాళ్ళు మిగిలాయి, చాలు. కొత్తపేట వైపు వెళ్ళినప్పుడు కాలేజీ మెట్లు కర్ర ఊతంతో ఒక్కొక్కటే ఎక్కుతూ, వెనక వచ్చేవాళ్ళకి దారిచ్చి ముందు మీరు పదండనే ఆయన ఒకరు కనిపిస్తారు. ఆయన ఇంటి గోడల మీద శిఖరాల ఫోటోలు తొమ్మిదే ఉంటాయి. పదోది ఎందుకు లేదో ఆయన చెప్పరు. ఒక్క అక్షరం మింగేస్తే సరిపోయే చోట మింగకుండా ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆయన. పేరు వేదవ్యాస్. దయచేసి గుర్తుంచుకోండి.